ఏప్రిల్‌లో స్మోకీ మౌంటెన్స్: అమ్మానాన్నలతో రెండు రాత్రులు ఆగాలి, ఎలా ప్లాన్ చేయాలి?

కమింగ్ కుర్రోడు:
అందరికీ నమస్తే. ఏప్రిల్ మూడో వారంలో అట్లాంటా నుంచి ఒహాయోలోని కొలంబస్‌కు, అన్నయ్య వాళ్లింటికి కారులో వెళ్తున్నాం. దారిలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో రెండు రాత్రులు ఆగాలని ఆలోచన. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా మెలికల రోడ్డంటే కడుపులో తిప్పుతుంది. పాపకు నాలుగేళ్లు. బండి రెంటల్. ఏం చూడాలి, ఏం వదిలేయాలి? అప్పటికి మంచు ఉంటుందా?

షార్లెట్ సీమోడు:
బ్రో, ఐ-75 హైవే మీద నాక్స్‌విల్ దాకా పోయి వెనక్కి రావద్దు. పార్కుకు దక్షిణాన ఉన్న చెరోకీ ఊరి వైపు నుంచి ఎక్కు. అట్లాంటా నుంచి మూడు గంటల పైచిలుకు. అక్కడి నుంచి న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు (441) కొండ దాటించి అవతలి వైపు ఊరు గాట్లిన్‌బర్గ్‌లో దించుతుంది. ముప్పై మైళ్ల చిల్లర, ఆగకుండా పోతే గంట. పార్కూ చూసినట్టుంటుంది, దారీ సాగుతుంది. ఓకొనలఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పచ్చికలో పొద్దున్నే, మళ్లీ సాయంత్రం ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు) మేస్తుంటాయి. ఈ కొండల్లో అవి ఎప్పుడో లేకుండా పోతే 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. అక్కడే నది వెంబడి చదునైన కాలిబాట ఉంది, అమ్మగారు ఓపికున్నంత దూరం నడిచి తిరిగి రావచ్చు.

నాక్స్‌విల్ వదిన:
మంచు సంగతి నేను చెప్తా తమ్ముడూ. ఏప్రిల్‌లో ఈ కొండకు కింద ఒక కాలం, పైన ఒక కాలం. గాట్లిన్‌బర్గ్‌లో చెట్లన్నీ చిగురేసి ఉంటాయి, న్యూఫౌండ్ గ్యాప్ కనుమ (5,046 అడుగులు) చేరేసరికి ఇంకా మోడులే. కింద 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే పైన 50 లోపే, గాలి వేరే. ఏప్రిల్‌లో కూడా ఒక్కోసారి మంచు పడి రోడ్డు మూసేస్తారు. పార్కు వాళ్లు ఎక్స్‌లో రోడ్ల కోసం విడిగా ఖాతా నడుపుతున్నారు, పొద్దున్నే అది చూసుకుని కదలండి. అత్తయ్యగారికి స్వెటర్, మంకీ క్యాప్ బ్యాగులో కాదు, చేతికందేలా పెట్టండి.

కువోహి శిఖరం (పాత పేరు క్లింగ్‌మన్స్ డోమ్, 2024లో మార్చారు) రోడ్డు చలికాలమంతా మూసి ఏప్రిల్ 1న తెరుస్తారు. 6,643 అడుగులు, పార్కులో అన్నిటికన్నా ఎత్తు. పార్కింగ్ నుంచి పైన చుట్టూ చూసే టవర్ దాకా అర మైలే, పక్కా బాటే అని మోసపోవద్దు. ఆ అర మైల్లోనే 330 అడుగులు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే వద్దు. పార్కింగ్ దగ్గర నిలబడినా కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి, అది చాలు. పైన ఎండిపోయి నిలబడ్డ చెట్లు చూసి మామయ్యగారు “ఇక్కడేం తగలబడింది?” అంటారు. మంటలు కావు, ఫ్రేజర్ ఫర్ చెట్లను ఒక చిన్న పురుగు పీల్చి చంపేసింది.

గోదారి గట్టు:
మెలికల గురించి. ఇవి తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లాంటివి కావు, చాలావరకు సాగదీసిన వంపులే. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, నిమ్మకాయ ఇవ్వండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టేసి ఉంచొద్దు, లో గేర్ వేయండి. మా ముందు పోయే బండి నుంచి కాలిన వాసన ఎంత ఘాటుగా వచ్చిందంటే, ఎవరో క్లచ్ ప్లేటు మాడ్చేశారనుకున్నాం.

కేడ్స్ కోవ్ అనే లోయ మాత్రం మిస్ కావద్దు. 11 మైళ్ల వన్‌వే లూప్, ఎలుగుబంట్లు కనిపించే ఛాన్స్ ఎక్కువ.

షార్లెట్ సీమోడు:
అన్నా, నేను ఒప్పుకోను. వీకెండ్‌లో ఆ 11 మైళ్లకు మూడు గంటలు కూడా పడుతుంది. ఎవడికో దూరంగా నల్లగా ఏదో కనిపిస్తే చాలు, వెనకాల వంద బళ్లు ఆగిపోతాయి. పెద్దవాళ్లతో, టాయ్‌లెట్ టెన్షన్‌తో ఎందుకు చెప్పు?

నాక్స్‌విల్ వదిన:
వారం మధ్యలో, గేటు తీసే టైమ్‌కి అయితే వెళ్లొచ్చు. సూర్యోదయానికే తీస్తారు. టాయ్‌లెట్లు మొదట్లో క్యాంప్‌గ్రౌండ్ దగ్గర, మళ్లీ సగం దారిలో కేబుల్ మిల్ దగ్గర. విసుగొస్తే మధ్యలో స్పార్క్స్ లేన్, హయాట్ లేన్ అని రెండు మట్టిరోడ్లున్నాయి, అడ్డంగా తిరిగి బయటపడొచ్చు. శనివారమైతే నేనూ వద్దనే అంటా. ఎలుగు కనిపిస్తే 50 గజాల దూరం రూలు, బండి దిగొద్దు.

నా మాటగా అడిగితే, మీకు పూలు చాలు. ఏప్రిల్ మూడో వారమంటే కింది అడవుల్లో ట్రిలియం పూలు విరగబూస్తాయి. షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్ దగ్గర కేటరాక్ట్ ఫాల్స్‌కు పాప కూడా నడుస్తుంది. మూడు తెల్ల రేకులు పండేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి, ఒకే చోట రెండు రంగులూ కనిపిస్తాయి. కోయొద్దని అత్తయ్యగారికి ముందే చెప్పండి, పూజకైనా సరే. ఇక్కడ కోయడం నేరం.

కమింగ్ కుర్రోడు:
థాంక్యూ వదినా! మా అమ్మ సంగతి చూసినట్టే చెప్పారు. ఎంట్రీ టికెట్ ముందే కొనాలా? 2026 నుంచి విదేశీయులకు అదనంగా 100 డాలర్లు అంటున్నారు.

గోదారి గట్టు:
అది ఎల్లోస్టోన్, గ్రాండ్ కేన్యన్ లాంటి 11 పార్కులకే. స్మోకీస్ అందులో లేదు, దీనికి ఎంట్రీ ఫీజే లేదు. 15 నిమిషాలు దాటి బండి ఆపితే మాత్రం పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకు 5, వారానికి 15 డాలర్లు. ఫోన్లో చూపిస్తే కుదరదు, కాగితం అద్దంలో కనిపించాలి. దాని మీద నంబర్ ప్లేటు కూడా ఉంటుంది కాబట్టి రెంటల్ బండికి ముందే కొనకండి, ఓకొనలఫ్టీలో తీసుకోండి. పెట్రోల్ చెరోకీలోనే కొట్టించండి, పార్కులో బంకు లేదు.

కొత్త పెళ్లికొడుకు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మేం షార్లెట్ నుంచి ఐ-40 మీద రావాలి. ఇప్పుడు బాగానే ఉందా?

షార్లెట్ సీమోడు:
2024 హెలీన్ తుఫానుకు పిజియన్ నది పక్కన ఆ రోడ్డు కొట్టుకుపోయింది. 2025 మార్చిలో అటొక లేను, ఇటొక లేను తెరిచారు. బయల్దేరే రోజు స్టేటస్ చూసుకో. నేనైతే చెరోకీ మీదుగానే వెళ్తా.

నాక్స్‌విల్ వదిన:
తమ్ముడూ, ఇంకొకటి. గాట్లిన్‌బర్గ్‌లో క్యాబిన్ తీసుకుంటే వంటగది ఉంటుంది, పెద్దవాళ్లకు అన్నం, చారు వండుకోవచ్చు. కానీ కొన్ని క్యాబిన్ల దారి నిటారుగా ఉంటుంది, రివ్యూల్లో ఆ ముక్క వెతికి మరీ బుక్ చేయండి. తెచ్చుకున్న పులిహోర బయట బల్ల మీద వదిలేయకండి. రాత్రి ఎలుగుబంట్లు చెత్తడబ్బాల దాకా వస్తాయి. చివరి రోజు ఐ-75కి పోయేటప్పుడు ఊళ్లోంచి వద్దు, షుగర్‌ల్యాండ్స్ దగ్గర గాట్లిన్‌బర్గ్ బైపాస్ ఎక్కండి.