‘దెరాషా’: ప్రసంగమా, ప్రవచనమా?

యూదుల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. శనివారం ఉదయం సమాజమందిరంలో తోరా (మోషే ఐదు గ్రంథాలు) చదువుతారు కదా, ఆ భాగం మీద రబ్బీ, అంటే వాళ్ల మతగురువు, నిలబడి చెప్పేదాన్ని హీబ్రూలో ‘దెరాషా’ అంటారు, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాట్లాడేవాళ్ల నోట అది ‘ద్రోషె’. ‘ప్రసంగం’ అని రాసేద్దామంటే నాకు మైకు, శాలువా, ‘వేదిక మీదున్న పెద్దలకు’ గుర్తొస్తున్నాయి.

అసలు ధాతువు అర్థం వెదకడం, ఆరా తీయడం. తెలుగు బైబిల్లో యెషయా 55:6 చూడండి, ‘యెహోవా మీకు దొరుకు కాలమునందు ఆయనను వెదకుడి’. ఆ ‘వెదకుడి’ హీబ్రూలో ‘దిర్షూ’. లేఖనాలకు పాత యూదు వ్యాఖ్యానమైన మిద్రాష్ అన్న మాటా ఇందులోంచే వచ్చింది, మన పాతబస్తీ మదర్సా దానికి దగ్గరి చుట్టం. లేవీయకాండం 10:16లో ‘దారోష్ దారష్’ అని ఉంది. మనం ‘వెదికి వెదికి’ అన్నట్టే! తోరాలో మాటలు లెక్కపెట్టిన పాత పండితులు సరిగ్గా నడిమధ్య పడేవి ఈ రెండు మాటలే అన్నారని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చెబుతుంది.

పాత దెరాషాల నడక కూడా వెదుకులాటే. ఆ రోజు చదివే వచనం అందరికీ తెలుసు. చెప్పేవాడు మాత్రం చేతిలో కాగితం లేకుండానే, దానికి సంబంధమే లేనట్టున్న ఏ కీర్తనలోనో సామెతల్లోనో ఒక వచనం ఎత్తుకుంటాడు, ఇదేంటి ఎటో పోతున్నాడు అనుకుంటుండగానే మలుపులు తిరిగి ఆ రోజు వచనం మీద వచ్చి వాలతాడు. అవధానంలో సమస్యాపూరణం లాగే, చివరి పాదం ముందే తెలుసు, అక్కడికి ఎలా చేరతాడన్నదే మజా.

ప్రవచనం అందామా? ఇంకేదైనా మాట ఉందా?

కామెంట్: మా చర్చిలో ‘వాక్యం చెప్పడం’ అంటామండి. అది సరిపోదా?

జవాబు: భలే పట్టుకున్నారు. వాళ్లకి ‘ద్వార్ తోరా’ అని ఇంకో మాట ఉంది, ‘దవార్’ అంటే మాట, వాక్కు. భోజనాల బల్ల దగ్గర ఐదు నిమిషాలు చెప్పినా అది ద్వార్ తోరానే. దానికి మీ ‘వాక్యం’ అతికినట్టు సరిపోతుంది. దెరాషా దానికంటే పెద్దది.

కామెంట్: కాగితం లేకుండా అంటే ఏమీ ప్రిపేర్ అవ్వకుండానా?

జవాబు: కాదు కాదు. రాతలో ఉన్నదాన్ని కంఠస్థంగా వల్లించకూడదు, నోటి మాటగా వచ్చినదాన్ని రాత చూసి చెప్పకూడదు అని తాల్ముద్‌లో ఒక నియమం ఉంది. తోరా చదువుతుంటే పక్కన నిలబడి అప్పటి వాడుక భాష అరమాయిక్‌లో అర్థం చెప్పే మనిషి ఉండేవాడు, అతనూ పుస్తకంలోకి చూడకూడదు. పైగా సబ్బాతు (శనివారం, విశ్రాంతి దినం) రోజు కలం పట్టకూడదు, వినేవాళ్లు నోట్సు రాసుకోలేరు. యిడ్డిష్‌లో చెప్పినదాన్ని తర్వాత గుర్తు తెచ్చుకుని హీబ్రూలో రాసినవే మనకు ఎక్కువగా మిగిలాయి. నవ్వులూ విసుర్లూ ఎన్ని జారిపోయాయో.

18వ శతాబ్దంలో దుబ్నో మగ్గీద్ (మగ్గీద్ అంటే ప్రవచనాలు చెప్పేవాడు) అని పేరుపడిన యాకోబ్ క్రాంట్జ్ ఉండేవాడు, మన హరిదాసుల్లా పిట్టకథల మనిషి. ప్రతి వచనానికీ సరిగ్గా సరిపోయే కథ ఎలా దొరుకుతుందయ్యా అని అడిగితే, ముందు బాణం వేసేసి, అది గుచ్చుకున్న చోట చుట్టూ గుండ్రం గీసే కుర్రాడి కథ చెప్పాడట.

కామెంట్: అంటే ఆవు వ్యాసం అన్నమాట 😀

జవాబు: వాళ్లకీ ఆవు వ్యాసం ఉంది! ఒకాయనకు బైబిల్లో మోషే మీద తిరగబడ్డ కోరహును భూమి మింగిన కథ ఒక్కటే వచ్చు. వారం ఏదైనా సరే, మధ్యలో నశ్యం డబ్బీ కింద పడేసి, వెతికినట్టు నటించి, ‘అయ్యో, భూమి మింగేసింది, కోరహును మింగినట్టే... కోరహు అంటే గుర్తొచ్చింది’ అని మొదలుపెట్టేవాడట.

కామెంట్: ప్రతి వారం ఉంటుందా ఇది?

జవాబు: ఇప్పుడు చాలాచోట్ల ఉంది. తూర్పు యూరప్‌లో ఊరి రబ్బీ ఏడాదికి రెండుసార్లే చెప్పడం ఆనవాయితీ, పస్కా పండుగ ముందు సబ్బాతు ఒకటి, కొత్త సంవత్సరానికీ ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్‌కీ మధ్య వచ్చేది ఒకటి. మిగతా వారాల్లో ఊరూరా తిరిగే మగ్గీద్‌లే దిక్కు. జర్మనీలో సంస్కరణవాదులు జర్మన్‌లో చెప్పడం మొదలుపెడితే 1823లో ప్రష్యా రాజు ప్రార్థనల్లో కొత్త పద్ధతులు వద్దని ఆపించాడు. ఇది కొత్త కాదు, మా పాత అలవాటే అని చూపడానికి లియోపోల్డ్ త్సుంజ్ అనే యూదు పండితుడు 1832లో ఏకంగా ఒక గ్రంథం రాశాడు.

నేను మటుకు ‘ప్రవచనం’ వేసి, మొదటిసారి వచ్చిన చోట వెదుకులాట అర్థం ఒక వాక్యంలో చెప్పేశాను. ఇంకో మాట మాత్రం తడుముకోకుండా దొరికింది. పెళ్లిలో పెళ్లికొడుకు కూడా ద్రోషె చెప్పాలి. చదువు అంతగా రాని కుర్రాళ్ల పరువు పోకూడదని, ఎవరు చెబుతున్నా రెండు ముక్కలు కాగానే అందరూ పాట ఎత్తుకుని ఆపేసే ఆచారం చాలామందిలో ఉంది. పెళ్లి కానుకల్ని యిడ్డిష్‌లో ‘ద్రోషె గెషాంక్’ అంటారు, ద్రోషె కానుకలు అని. తెలుగులో ‘చదివింపులు’ అని రాసేశాను.