ట్రైటన్ బోటుకి విండ్‌వేన్: ఏది కొనాలి, వెనక ఎలా బిగించాలి?

కాకినాడ_అలమీడా

అందరికీ నమస్కారం. నాది 1964 నాటి పియర్సన్ ట్రైటన్, ఇరవై ఎనిమిదిన్నర అడుగులు, టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) ఉన్న తెరచాప బోటు. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో, అలమీడాలో కట్టేసి ఉంటుంది. వచ్చే ఏడాది వేసవిలో నేనూ మా ఆవిడా హవాయి వెళ్దామని ఆశ.

ఇన్నాళ్లూ టిల్లర్‌కి తగిలించే చిన్న ఎలక్ట్రిక్ పైలట్‌తో నెట్టుకొచ్చాను. పోయిన నెల హాఫ్ మూన్ బేకి దిగుతుంటే వెనక నుంచి అల ఎత్తిన ప్రతిసారీ గుయ్‌మని మూలిగి, బోటు పక్కకి తిరిగిపోయాక తీరిగ్గా సరిచేసేది. ఆఖరికి నీళ్లు దూరి పోయింది. మిగతా మూడు గంటలూ టిల్లర్ నా చంకలోనే. మూడు గంటలకే ఇలా ఉంటే మూడు వారాలు ఎలా అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే విండ్‌వేన్, అదే కరెంటు లేకుండా గాలిని బట్టి బోటుని దారిలో నడిపే యంత్రం. మోనిటర్, హైడ్రోవేన్, ఏరీస్... మెరీనాలో ఒకరు ఇదంటే ఇంకొకరు అదంటారు. ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) చూస్తే చిన్నది, దాని మీదే నిచ్చెన, ఔట్‌బోర్డ్ ఇంజన్ బ్రాకెట్. పైగా బాగున్న బోటుకి ఇన్ని కన్నాలు పెట్టాలంటే చెయ్యి ఆడట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పాత_సరంగు

తమ్ముడూ, ముందే బ్రాండ్ల దగ్గరికి వెళ్లిపోయావు. నీ బోటు వెనక భాగం ఎలా ఉంది, చుక్కాని దేనితో తిప్పుతున్నావు, ఈ రెండూ చూస్తే సగం జవాబు అక్కడే ఉంది.

నాది మచిలీపట్నం. ఇరవై రెండేళ్లు మర్చంట్ నేవీలో, ఇంజన్ రూమ్‌లో. ఇప్పుడు సౌతాంప్టన్ దగ్గర ఒక కాంటెస్సా 32 బోటు, దాని వెనక నా కంటే వయసులో కొంచెమే చిన్నదైన ఏరీస్. దాని పుట్టిల్లు మాకు ఎదుటి ఒడ్డునే, కౌస్‌లో.

ఏరీస్, మోనిటర్ రెండూ ఒకటే జాతి, సర్వో పెండ్యులమ్. పైన రేకు గాలికి వాలుతుంది. ఆ వాలుడు కింద నీళ్లలో ఉన్న తెడ్డుని కాస్త మెలితిప్పుతుంది, అంతే. మిగతా పని నీళ్లది. నడుస్తున్న పడవలోంచి తెడ్డుని నిలువుగా నీళ్లలో ముంచి పిడిని రవ్వంత తిప్పి చూడు, చేతిలోంచి పక్కకి లాక్కుపోతుంది. ఆ లాగుడునే తాళ్లతో తెచ్చి నీ టిల్లర్‌కి కడతారు. బోటు వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. గాలి పెరిగి నీ చేతులు లాగేసే వేళకి దానికి బలం వస్తుందన్నమాట.

హైడ్రోవేన్ వేరు. దానికి సొంత చుక్కాని ఉంటుంది. నీ చుక్కానిని కదలకుండా కట్టేస్తావు, అది తన చిన్న చుక్కానితో నడుపుతుంది. తాళ్ల గొడవ లేదు, పక్కకి జరిపి కూడా బిగించొచ్చు, అసలు చుక్కాని విరిగితే అదే దిక్కు. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్నవాళ్లు, కాక్‌పిట్ మధ్యలో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని అదే కొనాలి. టిల్లర్ ఉన్న చిన్న బోటుకి మాత్రం నా ఓటు సర్వో పెండ్యులమ్‌కే. తాళ్ల దారి పొట్టి, మధ్యలో వీల్ లేదు, తాళ్లు చుట్టే డ్రమ్ లేదు.

ఆ తాళ్ల దగ్గరే నా పరువు పోయింది. ఇంగ్లండ్‌లో ఫాల్‌మత్ నుంచి స్పెయిన్‌లో లా కొరూన్యాకి, బిస్కే అఖాతం దాటుతున్నాం. బోటు తాగినవాడిలా నడుస్తోంది, ఇటు ఇరవై డిగ్రీలు, అటు ఇరవై. రేకు మార్చాను, తెరచాపలు మార్చాను, ఏరీస్‌నీ దాని వంశాన్నీ తిట్టాను. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని వెనక బోర్లా పడుకుని ఒక్క తాడునే చూస్తూ కూర్చున్నా. రేకు వాలింది. తెడ్డు ఊగింది. తాడు బిగిసింది. టిల్లర్ కదల్లేదు! తెడ్డు ఇంకో నాలుగు వేళ్ల మేర ఊగాక అప్పుడు కదిలింది. ఆ తాడుకి మొత్తం ప్రయాణమే జానెడు పైచిలుకు. అందులో నాలుగు వేళ్లు తాడు సాగడానికే పోతే చుక్కానికి మిగిలేదేముంది? లాకర్‌లో పడున్న పాత పాలిస్టర్ తాడు వాడాను, డబ్బులు మిగిలాయని సంబరపడి. లా కొరూన్యాలో 6 మిల్లీమీటర్ల డైనీమా (దాదాపు సాగని తాడు) కొని, బాల్ బేరింగ్ బ్లాకులు (కప్పీలు) వేసి, వంకరలు తగ్గించాను. తర్వాత నుంచి అదే ఏరీస్ గీత గీసినట్టు నడిచింది.

ఇక నీ ట్రైటన్ సంగతి. ఒరిగిందంటే ముక్కు గాలివైపు తిప్పేస్తుంది, టిల్లర్ మీద బరువు పడిపోతుంది. ఏ విండ్‌వేనూ దాంతో కుస్తీ పట్టలేదు. మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) తొందరగా రీఫ్ చెయ్యి, అంటే కొంత మడిచి చిన్నది చెయ్యి. రెండు వేళ్లతో టిల్లర్ పట్టుకుని బోటు నడపగలిగితే విండ్‌వేన్ కూడా నడపగలదు. రెండు చేతులూ కావాలంటే తప్పు తెరచాపలదే.

బిగింపు: ప్రయాణం సామాను అంతా ఎక్కించాక, కనీసం అంత బరువు వెనక పెట్టాక కొలతలు తీసుకో. ఖాళీ బోటు మీద కొలిస్తే తర్వాత తెడ్డు మరీ లోతుగా మునుగుతుంది. అట్టముక్కతో ఆ సైజు బొమ్మ కట్టి ట్రాన్సమ్‌కి ఆనించి చూడు. తెడ్డు రెండు పక్కలకీ ఊగాలి, ఔట్‌బోర్డ్ అడ్డొస్తే దాన్నే జరపాలి. పైన రేకుకి గాలి శుభ్రంగా తగలాలి, వెనక సోలార్ ప్యానెళ్లు గట్రా ఉంటే తీసేయ్.

కన్నాలంటే భయం వద్దు. ముందు సన్న డ్రిల్‌తో ఒకటి పెట్టి వచ్చే పొట్టు వేళ్ల మధ్య నలిపి చూడు. పొడిగా గరగరలాడితే గట్టి ఫైబర్. తడిగా, గోధుమరంగులో చెక్కపొట్టు వస్తే లోపల చెక్క కుళ్లింది, అది బాగుచేయకుండా బోల్టు వేయకు. పొడిగా ఉన్నా లోపల చెక్క ఉందని తేలితే కన్నం పెద్దది చేసి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాంట్లో అసలు కన్నం పెట్టు. లోపలి వైపు వాషర్లతో సరిపెట్టకు, అరచేతికంటే పెద్ద ఫైబర్‌గ్లాస్ పలక వెయ్యి. లాజరెట్‌లోకి (వెనక సామాను అరలోకి) నడుం దాకా దూరి పట్టుకునే మనిషి ఒకరు కావాలి. నాకు మా ఆవిడ పట్టుకుంది, ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

విశాఖ_కెరటం

సరంగు గారి మాటకి ఒకటి కలుపుతాను: విడిభాగాలు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఎలక్ట్రిక్ పైలట్లు నిషేధం, అందరూ విండ్‌వేన్ మీదే వెళ్లాలి. 2022లో మొదలైన రేసులో ముందున్న సైమన్ కర్వెన్‌ది దెబ్బతింటే చిలీలో ఆగాల్సి వచ్చింది. మన అభిలాష్ టామీ 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో చేరాడు. కాబట్టి రేకులు రెండు, పెండ్యులమ్ దగ్గర విరగడానికే పెట్టే గొట్టం ఒకటి, తాళ్లు ఒక జత అదనంగా పెట్టుకోండి. దుంగ తగిలితే ఆ గొట్టం విరిగి మిగతాది బతుకుతుంది, అది మోనిటర్‌లో నాకు నచ్చిన సంగతి.

ఇంకోటి, అక్కకి కూడా చెప్పండి. విండ్‌వేన్ నడుపుతున్నప్పుడు మనిషి నీళ్లలో పడితే బోటు ఆగదు. చక్కగా, నిటారుగా వెళ్లిపోతుంది. పగలైనా రాత్రైనా నడుముకి తాడు లేకుండా కాక్‌పిట్ దాటొద్దు.

కాకినాడ_అలమీడా

సరంగు గారూ, హవాయి దారిలో ఎక్కువ భాగం గాలి వెనక నుంచే కదా. అప్పుడు విండ్‌వేన్లు సరిగ్గా పనిచేయవని ఒకాయన అన్నాడు. నిజమేనా?

పాత_సరంగు

సగం నిజం. వెనక నుంచి తొమ్మిది నాట్ల గాలి, బోటు అయిదు నాట్ల మీద పోతోందనుకో. రేకుకి తగిలేది నాలుగే. దానికి ఏ దిక్కూ తెలియదు, బోటు అల మీద ఊగినప్పుడల్లా తికమకపడుతుంది. ట్రేడ్ విండ్స్ (ఆ దారిలో ఒకే దిక్కు నుంచి వీచే గాలులు) గట్టిగా పట్టుకున్నాక ఈ బాధ ఉండదు. మందంగా ఉన్న రోజుల్లో పొడుగాటి పల్చని రేకు వెయ్యి, మెయిన్ తగ్గించి బరువంతా ముందు తెరచాప మీదకి తెచ్చుకో. నేరుగా వెనక నుంచి కాకుండా కాస్త పక్కగా తీసుకుంటే ఇంకా మేలు.

అప్పటికీ కుదరకపోతే ఇంకో ఎలక్ట్రిక్ పైలట్ కొనుక్కో, చిన్నదే. దాన్ని టిల్లర్‌కి కాదు, విండ్‌వేన్‌లో రేకు ఉండే చోట తగిలిస్తారు. పైలట్ రేకు పని చేస్తుంది, బలం నీళ్లదే కాబట్టి కరెంటు చాలా తక్కువ తాగుతుంది. గాలి లేక బోటు ఆగిపోతే మాత్రం తెడ్డుకీ బలం ఉండదు, అప్పుడు నువ్వే.

కాకినాడ_అలమీడా

నాలుగు నెలల తర్వాత వస్తున్నాను, మన్నించాలి. సెకండ్ హ్యాండ్ మోనిటర్ దొరికింది. పొట్టు పొడిగానే వచ్చింది. కానీ పాత ఓనర్ ఎవరో ట్రాన్సమ్‌లో రెండు కన్నాలకి పుట్టీ పూసి రంగేశాడు, అవి తవ్వి మళ్లీ నింపడానికే రెండు శనివారాలు పోయాయి. నిచ్చెన పక్కకి, ఔట్‌బోర్డ్ బ్రాకెట్ ఇంకాస్త పక్కకి వెళ్లాయి. లాజరెట్‌లో మా ఆవిడే పట్టుకుంది. నేనూ ఆ మాటలు రాయలేను.

నిన్న గోల్డెన్ గేట్ దాటి ఫారలాన్ దీవుల వైపు సగం దాకా వెళ్లాం. మొదట నా పాత అలవాటుతో మెయిన్ మొత్తం ఎత్తేశాను, బోటు పదే పదే గాలిలోకి తిరిగిపోయింది. ఒక రీఫ్ వేశాక టిల్లర్ తనంతట తనే అంగుళం ఇటు, అంగుళం అటు. ఆ గుయ్‌మనే మోత లేదు. మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి, నా వైపు కాకుండా టిల్లర్ వైపే చూస్తూ తాగింది.

ఒక్కటే అనుమానం. తెడ్డు ఊగినప్పుడల్లా బేరింగుల దగ్గర సన్నగా కీచుమంటోంది. కొంచెం గ్రీజు పెట్టనా?

పాత_సరంగు

గ్రీజు డబ్బా ఇంట్లో పెట్టి రా! అవి ప్లాస్టిక్ బేరింగులు, గ్రీజు పెడితే ఉప్పునీ ఇసుకనీ పట్టుకుని కూర్చుంటుంది. బకెట్ మంచినీళ్లు పోసి, తెడ్డుని చేత్తో పదిసార్లు అటూ ఇటూ ఊపు. కీచుమంటే మళ్లీ ఇంకో బకెట్.