నైన్ మైల్ కాన్యన్ రాతి బొమ్మలు: నాన్నగారితో వెళ్ళొచ్చా?

ప్రశ్న:
మేం సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం. మా నాన్నగారు హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యారు. తెలంగాణలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలో రాతి మీద పూర్వకాలంలో వేసిన రంగు బొమ్మలు చూసినప్పటి నుంచి వాటి మీదే ధ్యాస. జూలైలో ఇక్కడికి వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ నడవలేరు. మా యూటా రాష్ట్రంలోనే రాతి బొమ్మలున్న లోయ నైన్ మైల్ కాన్యన్ ఆయనకు వీలవుతుందా?

జవాబు 1:
తప్పకుండా తీసుకెళ్ళండి. మా మామగారిని తీసుకెళ్ళాం, ఆయనా నడవలేరు. పేరుకే తొమ్మిది మైళ్ళు, లోయ నలభై మైళ్ళ పైనే. చాలా బొమ్మలు రోడ్డు పక్క కొండ గోడల మీదే కనిపిస్తాయి. ప్రైస్ ఊరు దాటాక వెల్లింగ్టన్‌లో కారుకి గ్యాస్ (పెట్రోలు) నింపుకోండి, లోపల బంకులు లేవు, ఫోన్ సిగ్నలూ ఉండదు. మంచినీళ్ళు బాగా పెట్టుకోండి.

పాండవుల గుట్టలో ఉన్నవి రంగుతో వేసినవి. ఇక్కడ ఎక్కువ భాగం చెక్కినవి. ఇసుకరాయి మీద వేల ఏళ్ళుగా ఇనుము, మాంగనీసు కలిసిన నల్లటి పొర పేరుకుంటుంది. దాన్ని రాతితో పొడిస్తే లోపలి లేత రంగు బయటపడుతుంది. దగ్గరగా చూస్తే ఒక్కో గొర్రె బొమ్మ ఒళ్ళంతా చిన్న చిన్న దెబ్బల గుర్తులే.

పక్కనే చీలే కాటన్‌వుడ్ కాన్యన్‌లోని 'గ్రేట్ హంట్' (పెద్ద వేట) అనే బొమ్మ మాత్రం వదలొద్దు. వంపు కొమ్ముల అడవి గొర్రెల మంద, విల్లు పట్టిన వేటగాళ్ళు, మధ్యలో తలకు కొమ్ములున్న మనిషి ఆకారం. సుమారు వెయ్యేళ్ళ కిందట ఇక్కడ బతికిన ఫ్రీమాంట్ అనే ఆదివాసీ జనం చెక్కారు. మామగారు దాని ముందు నుంచి కదల్లేదు. మీ నాన్నగారికి ఇంకోటి నచ్చుతుంది: గుర్రపు రౌతుల బొమ్మలు కనిపిస్తే అవి తర్వాతి కాలపు యూట్ అనే ఆదివాసీ జాతివాళ్ళవి. స్పెయిన్ వాళ్ళు వచ్చాకే కదా ఇక్కడికి గుర్రాలొచ్చాయి!

జవాబు 2:
జూలైలో ఎండ మండిపోతుంది, తెల్లవారుజామునే బయల్దేరండి. పొద్దుటి ఏటవాలు వెలుగులో గీతలు బాగా తేలతాయి. బైనాక్యులర్స్ మర్చిపోకండి, కొన్ని చాలా ఎత్తులో ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. బొమ్మ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవచ్చా అని నాన్నగారు అడుగుతున్నారు.

జవాబు 1:
వద్దండీ, దయచేసి వద్దు. రుద్దితే ఆ పొర రాలిపోతుంది. గుళ్ళో శిల్పం కనిపిస్తే చెయ్యి ఆనించి దణ్ణం పెట్టుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అదీ కూడదు, చేతి జిడ్డు రాయికి పడుతుంది. గీతలు తేలాలని సుద్దముక్కతో దిద్దినా పాడైనట్టే. 1979 నాటి అమెరికా పురావస్తు రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వాటిని పాడుచేస్తే జరిమానా, జైలు కూడా. సహజవాయువు బావులకెళ్ళే లారీల దుమ్ము ఈ గోడల మీద పడుతోందని ఏళ్ళ తరబడి గొడవ జరిగాకే రోడ్డు బాగుచేశారు. కెమెరాతో ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. నాన్నగారికి స్కెచ్ పుస్తకం, మడత కుర్చీ ఇవ్వండి, ఎదురుగా కూర్చుని చూసి గీసుకుంటారు.