‘పేరైనం గలదే’: చివరి ‘ఏ’ ప్రశ్నా, నొక్కి చెప్పడమా?

గోదారిగట్టు: మా వంశవృక్ష సంఘం కోసం ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పేర్లు రాసుకొస్తున్న రిటైర్డ్ టీచరమ్మగారికి ఆదివారం సన్మానం. పత్రం రాసే పని నాకిచ్చారు. పోతన భాగవతంలోని ‘కారే రాజులు’ పద్యంలో ‘భూమిపై పేరైనా లేదే’ అనో ఏదో ఉంది కదా, రెండు రోజులుగా నోట్లో నానుతోంది. పత్రంలో పెట్టొచ్చా?

అచ్చుతప్పు: ‘పేరైనం గలదే’ అండీ. శార్దూల వృత్తంలో అక్కడ సగణం, అంటే రెండు లఘువులు, ఒక గురువు పడాలి. ‘లేదే’ రెండూ గురువులే, నడక విరుగుతుంది. అయినా సన్మానానికి ఇది వద్దు. వామనుడికి దానం ఇవ్వొద్దన్న గురువు శుక్రాచార్యుణ్ని, పాత రాజుల పేరైనా మిగిలిందా అని బలి చక్రవర్తి అడుగుతున్నాడు. చెరిగిపోయిన పేర్ల మాట అది.

తాటాకు: నేనొప్పుకోను మాస్టారూ. మా తాతగారు ‘గలదే’ దగ్గర గొంతు దించేవారు, ప్రశ్నలా ఎత్తేవారు కాదు. కనీసం పేరైనా ఉంది అని. వెంటనే దానానికి పేరుపడ్డ శిబి చక్రవర్తి వస్తాడు చూడండి, పేరు నిలిచినవాడు.

అచ్చుతప్పు: తాతగారంటే గౌరవమే. కానీ కారే, కలుగవే, పొందరే, చాలిరే, మఱచిరే... ఇన్ని ప్రశ్నల మధ్య ‘గలదే’ ఒక్కటే ఎలా విడిపోతుంది? శిబిని తెచ్చింది పోలిక కోసం. మూటగట్టాలని చూసినవాళ్లకి పేరు లేదు, ఇచ్చినవాళ్లని లోకం మరవలేదు.

కందిచేను: పోతనగారికి పేరు విలువ తెలియకనా! భాగవతాన్ని రాజుకివ్వకుండా రాముడికిచ్చిన మనిషి, స్కంధం ముగించే గద్యంలో ‘కేసనమంత్రి పుత్త్ర’ అని నాన్నని మాత్రం వదల్లేదు. ఆ గద్యం దగ్గరకొస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

కొరింగరేవు: మారిషస్ నుంచి. ఇక్కడ మోకలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసకూలీల రిజిస్టర్లున్నాయి. మా ముత్తాత తండ్రికి అందులో ఒక నంబరు, పక్కన పేరు. ఇంటిపేరు లేదు. నాకైతే తాటాకు గారు చెప్పినట్టే వినిపిస్తుంది.

గోదారిగట్టు: టీచరమ్మగారి నోటుబుక్కు చూశాను. తద్దినాల్లో చెప్పుకునే మూడు తరాల పేర్లు ఎలాగూ దొరుకుతాయి. ఆవిడ అంతకు పైతరాలకి, కోడళ్ల పుట్టిళ్లకి వెళ్తారు. పేరు తెలియని చోట గీత గీసి, కింద పెన్సిలుతో ‘మళ్లీ అడగాలి’ అని రాసుకుంటారు. అలాంటి ఒక గీత మీద మా నాయనమ్మ తల్లి పేరు పోయిన నెల ఇంకుతో ఎక్కింది. మా ఇంట్లో ఎవరికీ తెలియని పేరు. ‘గలదే’ ప్రశ్నే అయినా సరే, నేను పెట్టేస్తున్నాను.

అచ్చుతప్పు: అయితే పెట్టండి. అరసున్న, బండి ‘ఱ’ మాత్రం పోనివ్వకండి. ప్రూఫు నాకు పంపండి.

తాటాకు: శిబి లాంటివాళ్లు కోరినవి ఇవ్వలేదా అనే ‘యీరే కోర్కులు’లో ‘ఏ’ ప్రశ్నే, అంతవరకు ఒప్పుకుంటాను. ‘గలదే’ మాత్రం వదలను. తాతగారి భాగవతం అటక మీదుంది, మార్జిన్‌లో ఆయన రాసుకున్న గుర్తు ఉండాలి. రాత్రికి దించుతాను.