పల్లి చేలల్లో అడవిపందులు: వీటి సంఖ్యకు హద్దు ఎక్కడ?

ప్రశ్న (అచ్చంపేట ప్రాంత రైతు):
మాది నల్లమల అంచున ఉన్న ఊరు. అడవిపందుల గుంపు పల్లి చేనులో పడితే సాళ్ల వెంట ముట్టెతో దున్నినట్టే తవ్వి, కాయలు నమిలి, తొక్కలు వదిలి పోతుంది. నేను కాగితం మీద ఒక లెక్క వేశాను. ఏడాదికి ఒక ఈత, ఈతకు ఆరు పిల్లలు, అవి మరుసటి ఏటికే ఈతకు వస్తాయి, ఏదీ చావదు అనుకుంటే ఒక్క జత పదేళ్లలో దాదాపు 21 లక్షలవుతుంది. వాస్తవంలో అలా జరగడం లేదు కనుక ఏదో ఒకటి వాటిని ఆపుతూ ఉండాలి. అదేమిటి? పులులు తగ్గడం వల్లనే పందులు పెరిగాయని మా ఊళ్లో అందరూ అంటారు. ఆ మాట ఎంతవరకు నిజం?

జవాబు (నల్లగొండ, జంతుశాస్త్ర అధ్యాపకుడు):
మీ లెక్క సరిగ్గానే ఉంది. ఏటా నాలుగింతలయ్యేది పదేళ్లకు అంతే అవుతుంది. ప్రాణుల సంఖ్య ఇలా రెట్లుగా పెరగగలదనీ, తిండి అంత వేగంగా పెరగదనీ 1798లో ఇంగ్లండు ఆర్థికవేత్త మాల్థస్ మనుషుల విషయంలో వాదించారు. దాన్ని 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్‌స్ట్ సమీకరణంగా మలిచారు. ఆయన లెక్క ప్రకారం సంఖ్య మొదట మెల్లగా, తర్వాత జోరుగా పెరిగి, ఆ నేల పోషించగల హద్దుకు చేరువవుతున్న కొద్దీ మళ్లీ నెమ్మదిస్తుంది. పెరుగుదల అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ హద్దులో సగం దగ్గర. అందువల్ల నిండుగా ఉన్న గుంపులో కొన్నింటిని తీసివేస్తే, మిగిలినవాటికి మేత సరిపడా దొరికి, ఆ లోటు త్వరగానే పూడుతుంది.

హద్దు అనగానే ఆకలి చావులే గుర్తుకు వస్తాయి, కానీ అంతకు చాలా ముందే అది పని మొదలుపెడుతుంది. మేత చాలక బక్కచిక్కిన తల్లికి పిల్లలు తక్కువ పుడతాయి, పాలు సరిపోక వాటిలో కొన్ని పోతాయి, బతికినవి ఆలస్యంగా ఈతకొస్తాయి. గుంపు కిక్కిరిసిన కొద్దీ రోగాలు కూడా సులువుగా పాకుతాయి. ఇవన్నీ సంఖ్యను బట్టి బిగుసుకునే పట్లు. కరువు, వరద, వడగాడ్పు అలాంటివి కావు. జంతువులు పది ఉన్నా వెయ్యి ఉన్నా అవి వచ్చినప్పుడు వస్తాయి.

ఈ పట్టు ప్రతిసారీ మెల్లగా బిగుస్తుందని కూడా అనుకోకూడదు. బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో అమెరికా కోస్ట్‌గార్డ్ 29 రెయిన్‌డీర్ జింకలను వదిలింది. అక్కడ తోడేళ్లు లేవు, నేలంతా మందంగా లైకెన్ (నాచులా నేలను అంటి పెరిగేది) పరుచుకొని ఉంది. 1963 నాటికి అవి 6,000 అయ్యాయి. చలికాలపు తిండి అయిన ఆ లైకెన్ మేతకు అరిగిపోయాక ఒక్క కఠినమైన శీతకాలం వచ్చింది. 1966లో లెక్కిస్తే మిగిలినవి 42. వాటిలో మగది ఒక్కటే.

జవాబు (దేవరకొండ, చెరువు చేపల పెంపకందారు):
చెరువుల్లో దీన్ని కంటితో చూడవచ్చు. రవ్వ, బొచ్చె లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు కనుక మేము ఏటా పిల్లలను కొని వదలాల్సిందే. వాటి సంఖ్య మా చేతిలోనే ఉంటుంది. జిలేబి చేప అలా కాదు, కుంటలోనే మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. నీరు, మేత పెరగవు కాబట్టి ఒక్కొక్కదాని వాటా తగ్గి, అరచేతికి మించి పెరగకుండానే ఈతకు వస్తుంది. ఎండాకాలం వల దింపితే బుట్ట నిండా చేపలే ఉంటాయి కానీ, అమ్ముడుపోయే సైజు చేపలు మాత్రం కొన్నే.

ప్రశ్న వేసిన రైతు:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే పులి సంగతి ఎవరూ తేల్చలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మా పక్కనే ఉంది కదా, పులులు పెరిగితే పందులు తగ్గుతాయా?

జవాబు (మన్ననూరు, అడవి జంతువుల లెక్కింపులో పాల్గొన్నవారు):
కొంత తగ్గవచ్చు గానీ, మీ ఊరివాళ్లు అనుకున్నంత కాదు. ఒక పెద్దపులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను వేటాడుతుంది. తన పరిధిలోని వేట జంతువులలో పదో వంతు తింటుందని వేసుకుంటే, ఒక్క పులికి దుప్పి, కణితి, పంది అన్నీ కలిపి దాదాపు 500 జంతువులు ఉండాలి. అంటే అడవిలో వేట జంతువులు ఎన్ని ఉన్నాయన్నదే పులుల సంఖ్యను నిర్ణయిస్తుంది. దుప్పి ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది కనుక దాని మీద వేట ప్రభావం త్వరగా పడుతుంది. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలను కనే పంది ఆ నష్టాన్ని త్వరగా పూడ్చుకుంటుంది. చిరుతలు, రేసుకుక్కలు పందిపిల్లలను పట్టుకుపోతాయి, అదీ కొంత సాయమే.

నా అభిప్రాయంలో అసలు మార్పు మేతలో వచ్చింది. వానలు పోయాక అడవిలో గడ్డలు, రాలిన కాయలు తగ్గి, వాగులు ఎండి, మళ్లీ వానలు పడేదాకా పందులకు గడ్డుకాలంగా ఉండేది. ఆ నెలలే వాటి హద్దును నిర్ణయించేవి. ఇప్పుడు బోర్ల కింద యాసంగి పల్లి, మక్క అడవి అంచు దాకా వచ్చాయి. మనకు తెలియకుండానే ఆ నేల పోషించగల సంఖ్యను మనమే పెంచాం. అధ్యాపకులు చెప్పినట్టు నాలుగు పందులను చంపితే వాటి స్థానం త్వరగానే నిండుతుంది. పైగా అటవీ శాఖ అనుమతి లేకుండా చంపడం నేరం, కరెంటు తీగలు పెడితే మనుషులు కూడా పోతారు. చేను అందకుండా చేయడమే హద్దును కిందికి దించుతుంది. కాయ ఊరకముందే సోలార్ కంచె వేయాలి, అదీ ఒక్కరి చేనుకు కాదు, అడవి అంచు పొడవునా అందరూ కలిసి వేయాలి. మీరొక్కరే వేసుకుంటే గుంపు పక్క చేనుకు మళ్లుతుంది, దానికి దొరికే మేత మాత్రం తగ్గదు.