గుంటూరు నుంచి ఢిల్లీకి మొదటి ట్రిప్పు: ఏ ఏరియాలో జాగ్రత్తగా ఉండాలి?

ప్రశ్న (గుంటూరు)
అన్నలందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా పన్నెండు టైర్ల బండి నడుపుతున్నాను. చెన్నై, హైదరాబాద్, విశాఖ దాటి ఎప్పుడూ పోలేదు. డిసెంబరు మూడో వారంలో కోల్డ్ స్టోరేజీ మిర్చి ఎత్తుకుని ఢిల్లీ పొమ్మన్నారు ఓనర్ గారు. తిరిగొచ్చాక సేలం లోడు కూడా ఉందట. పైరాష్ట్రాల డ్రైవర్లు మీదికి వచ్చేస్తారని యార్డులో తలా ఒక మాట చెబుతున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

జవాబు (నిజామాబాద్)
తమ్ముడూ, హైదరాబాద్ నుంచి నీది 44వ నంబరు హైవే. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. రోడ్డు బాగుంటుంది, ట్రాఫిక్ తక్కువ, అందుకే అక్కడ నిద్ర ముంచుకొస్తుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు బండి పక్కన పెట్టి పడుకో. నాగ్‌పూర్ దాటి సివనీ వైపు పోతే పెంచ్ అడవి వస్తుంది. జంతువులు కింద నుంచి పోవడానికి కొన్నిచోట్ల రోడ్డును ఎత్తులో కట్టారు. అక్కడ టీ కోసమో, ఇంకోదానికో ఆగకు. సాగర్, లలిత్‌పూర్ దగ్గర రాత్రిళ్లు ఆవులు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి.

అసలు ఇబ్బంది యూపీలోనే. ట్రాక్టర్ ట్రాలీలకు వెనక లైటు ఉండదు, రాంగ్ రూట్‌లో ఎదురొస్తారు. అక్కడివాళ్లకు డ్రైవింగే రాదు.

జవాబు (తాడేపల్లిగూడెం)
దారి గురించి చెప్పిందంతా నిజం. చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను. స్టీరింగ్ పట్టి ఇరవై ఆరేళ్లయింది నాకు. మన 16వ నంబరు హైవే సంగతి ఏమిటి? యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉందని బైకులు ఎదురే వస్తాయి. సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తే ఆటోలన్నీ హైవే ఎక్కుతాయి. ఏ ఊరి దగ్గర ఎవరు అడ్డం వస్తారో మనకు ముందే తెలుసు కాబట్టి కాలు బ్రేకు మీదికి దానంతటదే పోతుంది. ఏలూరు దగ్గర దాబాలో ఒక పంజాబ్ డ్రైవర్ మన బైకుల గురించి, ఆటోల గురించి అచ్చం ఈ మాటే అన్నాడు. తెలియని ఊళ్లో ప్రతివాడూ చెడ్డ డ్రైవర్‌లాగే కనిపిస్తాడు బాబూ.

నువ్వు భయపడాల్సింది పొగమంచుకి. డిసెంబరు చివర, జనవరిలో ఆగ్రా, మథుర, పల్వల్ వైపు అర్ధరాత్రి నుంచి పొద్దున తొమ్మిది, పది దాకా ముందు బండి కనపడదు. ఒకసారి మథుర దగ్గర పంక్చరై లేన్‌లోనే ఆగిన లారీ నాకు పదిహేను అడుగుల దూరంలో కనపడింది. నిదానంగా పోతున్నాను కాబట్టి బతికాను. హైబీమ్ వేస్తే మంచు మీద పడి కళ్లకే కొడుతుంది. డిమ్‌లోనే పెట్టు, ఎడమ తెల్లగీత చూసుకుంటూ పో. అదీ కనపడకపోతే రోడ్డు అంచున ఆపకు, పెట్రోలు బంకులోకో దాబాలోకో పూర్తిగా దింపేయ్. నీ బండే చెడిపోతే 1033కి ఫోన్ చెయ్, నేషనల్ హైవే వాళ్ల నంబరు అది.

ఇంకోటి. రిపేరుకు ఆగినప్పుడు వెనకాల రాళ్లు, కొమ్మలు పెట్టి, పనయ్యాక అలాగే వదిలేసి పోతారు చాలామంది. ఇది అన్ని రాష్ట్రాల్లో చూశాను, మనవాళ్లూ చేస్తారు. రాత్రిపూట బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనపడదు. దయచేసి తీసేసి కదలండి.

జవాబు (కర్నూలు)
ఢిల్లీ కంటే నాకు నీ సేలం ట్రిప్పు గురించే బెంగగా ఉంది. ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ వస్తుంది. సేలం వైపు పోయేటప్పుడు అంతా దిగుడే, మలుపులు కూడా ఉన్నాయి. లోడుబండ్లు బ్రేకు పడక ముందు బండ్లను గుద్దిన ప్రమాదాలు అక్కడ చాలా జరిగాయి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం అందుకు ఒక ముఖ్య కారణం. మన చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్‌లోనూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న (గుంటూరు)
అన్నా, మా సీనియర్లు కూడా న్యూట్రల్‌లోనే దించుతారు. యావరేజ్ రాకపోతే ఓనర్ గారు అడుగుతారు కదా?

జవాబు (కర్నూలు)
ఓనర్ గారికి ఇది చెప్పు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇంజన్‌కు డీజిల్ పోవడం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు, పైగా ఇంజన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అదేపనిగా తొక్కితే డ్రమ్ములు కాలి లైనర్లు పట్టవు, మాటిమాటికీ కొడితే బ్రేకును పనిచేయించే ఎయిర్ దిగిపోతుంది. ఆ ఘాట్‌ను లోడుతో ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు. ఇంజన్ పొగను అడ్డుకుని బండిని నిదానం చేసే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకో. గేరు మార్చడం దిగుడు మొదలయ్యే ముందే అయిపోవాలి, మధ్యలో మార్చబోతే గేరు పడకపోవచ్చు.

జవాబు (తాడేపల్లిగూడెం)
బయల్దేరే ముందు నీ బండి బీఎస్ 4నో 6నో ఆర్సీలో చూసుకో. బీఎస్ అంటే బండి పొగకు పెట్టిన ప్రమాణం, నంబరు పెద్దదైతే బండి కొత్త రకం. చలికాలం కాలుష్యం బాగా పెరిగితే ఢిల్లీలోకి పాత డీజిల్ లారీలను రానివ్వరు. మామూలు రోజుల్లోనూ పగలు నో ఎంట్రీ ఉంటుంది. సరుకు దించుకునే పార్టీకి పల్వల్ నుంచి ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారో అడుగు.

ప్రశ్న (గుంటూరు)
అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. ఆర్సీ చూశాను, బీఎస్ 6. ఆగ్రా దాటేది పగటిపూటే ఉండేలా ఒక రోజు ఎక్కువ అడిగాను, ఓనర్ గారు సరేనన్నారు. రేపు బ్రేకు లైనర్లు చూపించి, వెనక రేడియం స్టిక్కర్లు కొత్తవి వేయిస్తాను.