వాట్సాప్ కాల్స్‌కు కూడా లైసెన్సు పెట్టాలా?

కడప కుర్రోడు: టెలికాం కంపెనీలు ఎప్పటినుంచో ఒకటే మాట, ఒకే సేవకు ఒకే రూలు ఉండాలని. వేల కోట్లు పోసి స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిచే రేడియో తరంగాల హక్కు) కొని, లైసెన్సు ఫీజు కట్టి మేం టవర్లు వేస్తే, వాట్సాప్ వాళ్లు అవేవీ కట్టకుండా కాల్స్ ఇచ్చేస్తున్నారంటున్నాయి. నాకైతే అందులో న్యాయం ఉందనిపిస్తోంది.

ప్రొద్దుటూరోడు: ఏం న్యాయం బ్రో? వాట్సాప్ కాల్ ఊరికే గాల్లో పోతుందా, దానికి అయ్యే డేటాకు మనం రీచార్జ్ చేసేది ఆ కంపెనీలకే కదా. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే రేటు అని ప్రకటించి, జనం తిట్టిపోస్తే వారం తిరక్కముందే వెనక్కి తగ్గింది. అసలు వాళ్ల 4జీ వోల్టీ కాల్ (4జీ నెట్‌వర్క్ మీద మామూలు ఫోన్ కాల్) కూడా ఐపీ మీద, అంటే ఇంటర్నెట్‌లాగే డేటా రూపంలో నడిచేదే. మన జిల్లా నుంచి కువైట్‌కు ఎంతమంది పోయారో నీకు తెలుసు. అప్పట్లో ఐఎస్‌డీ బూత్‌లో మా అమ్మ ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో చిల్లర పట్టుకుని, ఆ ఎర్ర అంకెల మీటరు వైపే చూస్తూ "బాగుండావా, తిన్నావా" అని పెట్టేసేది. ఇప్పుడు గంటసేపు వీడియోలో కూర వండేది కూడా చూపిస్తోంది. మా బావ కువైట్ నుంచి దుబాయ్‌కి మారాక మళ్లీ ఇబ్బంది, అక్కడ వాట్సాప్ కాల్స్ కలవవు, ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లే వాడాలి. లైసెన్సు అంటే చివరికి అదే.

ఆదోని అక్క: డబ్బు సంగతిలో ప్రొద్దుటూరు తమ్ముడిదే కరెక్టు. 2020లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా ఈ యాప్‌లకు ప్రస్తుతానికి కొత్త రూల్స్ అక్కర్లేదనే చెప్పింది. పోటీ పడాలనుకుంటే దారి లేక కాదు, 2018లో బీఎస్ఎన్ఎల్ వింగ్స్ అని యాప్ తెచ్చి, సిమ్ లేకుండానే నంబరిచ్చి ల్యాండ్‌లైన్లకూ మొబైళ్లకూ కాల్స్ కలిపింది. మన చుట్టాల్లో దాని పేరు విన్నవాళ్లు ఎంతమంది? అంత బాగా ప్రచారం చేసుకున్నారు మరి!

కానీ నా టెన్షన్ వేరే. సిమ్ కావాలంటే ఆధార్, వేలిముద్ర, ఫొటో అడుగుతారు. డిజిటల్ అరెస్ట్ అని పోలీసు డ్రెస్సులో వాట్సాప్ వీడియో కాల్ చేసి ముసలోళ్లను ఏడిపించేవాడిని మాత్రం పట్టుకోవడం కష్టం. వాట్సాప్ నుంచి అత్యవసర నంబరు 112కి కాల్ కూడా పోదు. ఈ రెండింటికీ రూలు పెట్టమనండి, ఒప్పుకుంటా. ఫీజు పెట్టమంటే మాత్రం ఒప్పుకోను.

కడప కుర్రోడు: సరే అక్కా, ఫీజు వదిలేద్దాం. పల్లెల్లో టవరు వేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి మరి?

ప్రొద్దుటూరోడు: దానికి ప్రభుత్వ నిధి ఉంది బ్రో, కంపెనీల లైసెన్సు ఫీజులోంచే పోతుంది. ముందు అది సరిగ్గా ఖర్చవుతోందా అని అడుగు.